ఎందుకైనా మంచిదని ఒకసారి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 47. అనంతపురంలో కాపురం ఉంటూ, 30 కిలోమీటర్ల అవతల ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. బడిలో మరుగుదొడ్డి సరిగా ఉండదు. అందుకని ఇంట్లో బయలుదేరే ముందు ఎందుకైనా మంచిదని రెండుసార్లు వెళ్లి రావడం, సాయంత్రం దాకా నీళ్లు ముట్టకపోవడం ఇరవై ఏళ్లుగా అలవాటు. ఏడాది నుంచి తుమ్మినా, దగ్గినా కొంచెం మూత్రం పడుతోంది. సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చి, తాళంలో తాళపుచెవి పెట్టేసరికి ఇక ఆగదు. రెండుసార్లు గుమ్మంలోనే చీర తడిసింది. మా తోడికోడలు "ముట్లు ఆగిపోయే వయసులో అందరికీ ఉండేదే" అంటుంది. ఆసుపత్రిలో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఫోనులో చూసి నేర్చుకుంటే తగ్గుతుందా? ఏ వీడియోను నమ్మాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీ ఉత్తరం చదువుతూ ఆ తాళపుచెవి దగ్గర కాసేపు ఆగిపోయాను. మోకాళ్ల నొప్పికో, బీపీ మాత్రలకో మా దగ్గరికి వచ్చిన ఆడవాళ్లు, మందులు రాయించుకుని తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి "ఇంకొక్క మాటమ్మా" అని గొంతు తగ్గించి చెప్పే సంగతి చాలాసార్లు ఇదే అయి ఉంటుంది. అప్పటికి వాళ్లు దాన్ని పదేళ్లుగా మోస్తూ ఉంటారు. మీరు ఏడాదికే రాశారు, మంచి పని చేశారు.

మీ తోడికోడలి మాటలో సగం నిజముంది. మన దేశపు స్త్రీలకు సాధారణంగా 46, 47 ఏళ్ల ప్రాంతంలో ముట్లు ఆగిపోతాయి. అప్పుడు ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను తగ్గి మూత్రమార్గపు లోపొర పలచబడుతుంది, మూత్రాశయాన్ని కింది నుంచి పట్టి ఉంచే కటి కండరాలు, కాన్పుల్లో సాగినవి, మరింత వదులవుతాయి. అందువల్ల ఈ ఇబ్బంది చాలామందికి వస్తుంది. అయితే చాలామందికి వస్తుంది కాబట్టి భరించాలి అనడంలో న్యాయం లేదు. మీకు రెండు రకాల ఇబ్బందులు కలిసి ఉన్నాయి. తుమ్మినప్పుడు పడటం కింది కండరాల బలహీనత వల్ల, తాళం తీసేటప్పుడు ఆగకపోవడం మూత్రాశయం తొందరపడటం వల్ల.

ఆ తొందరను మూత్రాశయం చాలావరకు మన అలవాట్ల నుంచే నేర్చుకుంటుంది. పెద్దవారి మూత్రాశయంలో సుమారు 400 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది, 150, 200 చేరేసరికి మొదటి కబురు వస్తుంది. ఆ కబురు రాకముందే, ఎందుకైనా మంచిదని, రోజూ వెళుతూ ఉంటే కొంచెం నిండగానే పిలవడం దానికి అలవాటవుతుంది. ఇక నీళ్లు మానేయడం వల్ల మూత్రం చిక్కబడి, ఆ చిక్కదనమే మూత్రాశయపు గోడను రేపుతుంది, పైగా మలబద్ధకం తెచ్చి ఆ బరువును కూడా దానిమీదే వేస్తుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన సీమలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా పాఠాలు చెప్పడం మూత్రపిండాలకు కూడా మంచిది కాదు. ఇంట్లో అవసరం లేకుండా వెళ్లడం, బడిలో అవసరమున్నా వెళ్లకపోవడం, ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం ఉద్యోగాలు చేసే స్త్రీలలో నేను తరచుగా చూస్తున్నాను.

ముందుగా మూడు రోజులు ఒక నోటుపుస్తకంలో రాయండి. ఎన్ని గంటలకు వెళ్లారు, ఎంత తాగారు, ఎప్పుడు పడింది, అప్పుడు ఏం చేస్తున్నారు అన్నవి చాలు. పగలు ఆరు నుంచి ఎనిమిది సార్లు వెళ్లడం మామూలే. గంటకోసారి వెళుతున్నట్టు తేలితే, ఆ వ్యవధికి వారానికి 15 నిమిషాల చొప్పున కలుపుతూ మూడు గంటల దాకా తీసుకురండి. బయలుదేరే ముందు ఒక్కసారి వెళితే చాలు, ఆ రెండోసారి మానేయండి. బడిలో మధ్యాహ్న భోజనం వేళ తప్పకుండా వెళ్లండి. అందుకోసం ఒక మరుగుదొడ్డిని శుభ్రం చేయించి, తాళం వేసి, తాళపుచెవి ఉపాధ్యాయినుల దగ్గర ఉండేలా ప్రధానోపాధ్యాయుడిని గట్టిగా అడగండి. అది మీ ఒక్కరి అవసరం కాదు, మీ దగ్గర చదివే ఆడపిల్లలది కూడా. నీళ్లు ఒక్కసారిగా కాకుండా రోజంతా కొంచెం కొంచెంగా తాగండి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోయినట్టు. టీ, కాఫీలు రోజుకు రెండుకు మించవద్దు.

ఇప్పుడు తాళం సంగతి. గేటు కనబడగానే పరుగెత్తవద్దు, పరుగెత్తితే తొందర ఇంకా పెరుగుతుంది. ఉన్నచోటే కదలకుండా నిలబడి, కింది కండరాలను గబగబా ఐదారు సార్లు బిగించి వదలండి. ఆ తొందర అలలాగా లేచి, కాసేపట్లో దానంతట అదే తగ్గుతుంది. తగ్గిన తరువాత నిదానంగా నడిచి, నిదానంగా తాళం తీయండి. మొదటి వారం ఓడిపోతారు, అయినా మానవద్దు.

ఆ కండరాలను బలపరిచే వ్యాయామాన్ని అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కీగల్ 1948లో వివరించారు, అందుకే వాటిని కీగల్ వ్యాయామాలంటారు. నలుగురిలో కూర్చున్నప్పుడు గాలి పోకుండా ఎలా బిగబడతామో అలా, లోపలికి, పైకి లాగినట్టు బిగించాలి. ఐదు సెకన్లు బిగించి, అంతకు రెట్టింపు సేపు పూర్తిగా వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు చేయాలి. అరచేతిని పొట్టమీద పెట్టుకోండి. పొట్ట ముందుకు ఉబికినా, ఊపిరి బిగబట్టినా, మీరు పైకి లాగడానికి బదులు కిందికి ముక్కుతున్నారన్నమాట, దానివల్ల మేలు జరగకపోగా కీడు జరుగుతుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయడం కూడా వద్దు. కండరం పట్టుబడ్డాక, తుమ్ము వస్తోందని తెలిసిన క్షణంలోనే ముందుగా దాన్ని బిగించడం నేర్చుకోండి.

ఫోనులో నేర్చుకోవచ్చా అంటే, నిస్సందేహంగా నేర్చుకోవచ్చు. అమెరికాలో 55 ఏళ్లు పైబడిన 463 మంది స్త్రీలతో జరిగి, 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, రెండు గంటల తరగతిలో ఒక్కసారి కూర్చుని ఈ అలవాట్లు నేర్చుకున్నవారికి మూత్రం పడటం ఏడాది తరువాత కూడా తక్కువగానే ఉంది. అది గదిలో అందరూ కూర్చుని విన్న తరగతే అయినా, అందులో చెప్పిన పాఠానికి మందూ అక్కర్లేదు, పరికరమూ అక్కర్లేదు. సిగ్గు అడ్డుపడే విషయానికి, తలుపు వేసుకుని ఎన్నిసార్లయినా వినగలిగే ఫోను మంచి బడి అని నా నమ్మకం. అయితే వారంలో నయమని చెప్పేవాటినీ, చివర్లో పొడి అమ్మేవాటినీ వదిలేయండి. నోటుపుస్తకంలో రాయమనేదీ, నెలలు పడుతుందని నిజం చెప్పేదీ, ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలో చెప్పేదీ నమ్మదగినది.

మూత్రంలో రక్తం, మంట, జ్వరం, కింద ఏదో జారినట్టు ఉండటం, మూత్రం ధార రాకపోవడం, వీటిలో ఏది ఉన్నా వీడియోలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మూడు నెలల సాధనకు లొంగకపోయినా వెళ్లండి. మరొక్క మాట కూడా చెప్పాలి. దేశంలో గర్భసంచి తీయించుకునే స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటి. గర్భసంచి తీసేస్తే మూత్రం పడటం ఆగుతుందని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు, అది దీనికి చికిత్స కాదు.

ప్రశ్న: అమ్మా, నేను కడప జిల్లాలో ఒక డ్వాక్రా సంఘానికి లీడరును. మా సంఘంలో చాలామంది 40 దాటినవాళ్లే. కొందరికి ఈ బాధ ఉందని నాకు తెలుసు. వాట్సాప్‌లో వాళ్లకు నేర్పాలని ఉంది. కానీ నలుగురికి చదువు రాదు, ఇద్దరి ఫోన్లు కొడుకుల చేతుల్లో ఉంటాయి. ఎలా చేయాలి?
– సంఘం లీడరు, కడప జిల్లా

జవాబు: తల్లీ, మీలాంటివారు పూనుకుంటేనే ఈ పని జరుగుతుంది. వీడియో కంటే మాటల రికార్డింగు మేలు. బొమ్మ తెరమీద కనబడితే ఇంట్లోవాళ్లు చూస్తారన్న భయం ఉంటుంది, మాటనైతే చెవిలో పెట్టుకుని పొయ్యి దగ్గర పనిచేసుకుంటూ వినవచ్చు. రెండు నిమిషాలకు మించకుండా, వారానికి ఒకే సంగతి, మీ గొంతుతో, మీ ఊరి మాటల్లో చెప్పండి. మొదటి వారం నీళ్లు, రెండో వారం ఎందుకైనా మంచిదని వెళ్లడం మానడం, ఆ తరువాత వ్యాయామం. మూత్రాశయం అనకండి, ఒంటేలు సంచి అంటే అందరికీ తెలుస్తుంది. రికార్డు చేసే ముందు మీ ఏఎన్ఎంకు ఒకసారి వినిపించి, తప్పులుంటే దిద్దించుకోండి.

చదువు రానివారు రాయనక్కర్లేదు. రెండు గిన్నెలు పెట్టుకుని, వెళ్లినప్పుడల్లా ఒకదానిలో ఒక శెనగ్గింజ, బట్ట తడిసినప్పుడల్లా రెండోదానిలో ఒక చింతగింజ వేయమనండి. రాత్రి లెక్కపెట్టుకుంటే అదే పుస్తకం. ఫోను చేతిలో లేని ఆ ఇద్దరికీ సంఘం సమావేశమయ్యే రోజున అందరికంటే ముందు రమ్మని చెప్పి మీ ఫోనులోనే వినిపించండి. గ్రూపులో ఎవరూ తమ సంగతి రాయాల్సిన పని లేదని మొదటే చెప్పండి. అడగదలచినవారు మీకు ఒక్కరికే ఫోను చేస్తారు.

ఒక జాగ్రత్త అవసరం. బస్టాండులోనో, పెళ్లి మండపంలోనో శుభ్రంగా లేని కమోడు మీద సగం వంగి నిలబడి పోసే అలవాటు చాలామందికి ఉంది. అలా వంగినప్పుడు కింది కండరాలు పూర్తిగా వదులుకావు, కొంత లోపలే మిగిలిపోతుంది. పూర్తిగా కూర్చోవాలి, లేదా మన మామూలు దొడ్డిలో పూర్తిగా గొంతుక్కూర్చోవాలి, ముక్కకూడదు. ఈ ఒక్క సంగతిని మాత్రం మాటలతో సరిపెట్టకుండా, సంఘంలో తలుపులు వేసి మీరే కూర్చుని చూపించండి. డాక్టరు అవసరమైనవారికి దూరం అడ్డమైతే, ఊళ్లోని ఉపకేంద్రంలో ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ద్వారా డాక్టరుతో మాట్లాడించమని నర్సును అడగండి.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు, పదేళ్లుగా షుగరు. రాత్రి నాలుగైదు సార్లు లేస్తోంది. మూత్రం ఆపుకోవడానికి నేర్పే వ్యాయామాలు ఫోనులో చూపించి చేయించవచ్చా?
– కర్నూలు పాఠకురాలు

జవాబు: వ్యాయామాలు చేయించండి, వాటివల్ల నష్టం లేదు. కానీ ముందు రక్తంలో చక్కెర, మూత్ర పరీక్ష చేయించండి. చక్కెర అదుపు తప్పితే మూత్రం ఎక్కువగా తయారవుతుంది, దాన్ని ఏ అలవాటూ ఆపలేదు. సాయంత్రానికి కాళ్లు వాస్తుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, పగలు కాళ్లలో చేరిన నీరే రాత్రి పడుకున్నాక మూత్రంగా దిగుతుంది. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు నుంచి నీళ్లు, టీ తగ్గించి, పగలు మాత్రం సరిపడా తాగనివ్వండి. ఆమె మంచం నుంచి మరుగుదొడ్డి దాకా ఉన్న దారిలో ఈ రాత్రే ఒక చిన్న లైటు పెట్టించండి.