ఓలికి ఎదురేమిటి?

సందేహం: మా అవ్వ పెళ్ళికి తాత ఓలి ఇచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. దాన్నే పత్రికల్లో ‘ఎదురుకట్నం’ అంటున్నారు. ఓలి, ఉంకువ, కన్యాశుల్కం ఒకటేనా? ఆ సొమ్ము పిల్లదా, తండ్రిదా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: అమ్మా, ఒకప్పుడు సీమలో చాలా కులాల్లో సొమ్ము తెచ్చింది మగపెళ్ళివారే. ఆ ఇళ్ళకు వరకట్నం తరవాత వచ్చిన చుట్టం. ఆ చుట్టాన్ని పీట మీద కూర్చోబెట్టి, ఇంటాయనను ఎదురింటాయన అన్నట్టుంది ‘ఎదురుకట్నం’. అసలు కట్నమంటే కానుకే. చదివింపులనూ కట్నాలనే అంటాం కదా!

నిఘంటువుల్లో మీరడిగిన మూడూ ఒకటే. కన్యాశుల్కం సంస్కృతం, గురజాడ ధర్మమా అని ఆ మాట వింటే అగ్రహారాలే గుర్తుకొస్తాయి. ఓలి ఊరి మాట. కావ్యాల్లో ఓలి అంటే వరుస. అక్కడ డబ్బు ఊసు లేదు.

ఉంకువ మీద మాత్రం నాకు మక్కువ. భాగవతంలో రుక్మిణి కృష్ణుడికి పంపిన కబురు చూడండి:

‘రాక్షస వివాహమునన్ భవదీయ శౌర్యమే
యుంకువ సేసి కృష్ణ! పురుషోత్తమ! చేకొనిపొమ్ము వచ్చెదన్’

సంస్కృత మూలంలో ఉన్నది ‘వీర్యశుల్కామ్’ అనే సమాసం. శుల్కానికి తద్భవం సుంకం. ఈ పద్యం పై పాదాల్లో అంకిలి, పంకజనాభ, వంకకు అంటూ నడిచే ప్రాసకు సుంకమూ సరిపోయేదే. కానీ యతికి ‘పురుషోత్తమ’లోని ఉకారం కావాలి, ఉంకువే కుదురుతుంది. పోతన సుంకం అని ఉంటే కృష్ణుడి రథం టోల్‌గేటు దగ్గర ఆగినట్టుండేది! (పోతన మా ఒంటిమిట్టవాడనే వాదం జోలికి ఈసారి పోను.) ఇంకో విశేషం: అన్న రుక్మి శిశుపాలుడికిస్తానని కూర్చుంటే, ఉంకువ ఏమిటో నిర్ణయించింది రుక్మిణి. చెల్లింపు తండ్రి చేతికి కాదు.

ఊళ్ళో ఓలి అలాంటిది కాదు. దక్షిణాది కులాల మీద 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథంలో ఎరుకలవారి లెక్క ఉంది. ఓలి 20 వరహాలు. మేనమామ తన కొడుక్కి చేసుకుంటే 12 ఇస్తే చాలు; వద్దనుకుంటే బయటివాడిచ్చే 20లో 8 ఆయనవే. మేనమామకు వాటా ఉంది, పిల్లకు లేదు! పైగా ఆమె మగణ్ణి వదిలి మారుమనువుకు వెళితే ఓలి తిరిగి కట్టాలనే ఆచారం చాలా కులాల్లో ఉండేది. 1955 హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచారసిద్ధమైన విడాకులను అలాగే ఉంచింది.

కట్నాన్ని నిషేధిస్తూ 1961 చట్టం వచ్చాక మీ ప్రశ్నకు జవాబు మారింది. పెళ్ళికి సంబంధించి ఏ పక్షం ఇచ్చినా ఆ చట్టం దృష్టిలో కట్నమే. ముస్లిం పెళ్ళిళ్ళలో వరుడు వధువుకిచ్చే మెహర్‌ను మాత్రం మినహాయించారు. ఇంకెవరు పుచ్చుకున్నా అది పెళ్ళికూతురికే చెందాలని 6వ సెక్షన్. అంటే అక్షరాలా చదివితే ఓలి కూడా ఆమెదే. ఇంత సమదృష్టి గల చట్టాన్ని మనవాళ్ళు ‘వరకట్న నిషేధ చట్టం’గా తెనిగించారు! ‘వర’ ఎందుకు? ‘కట్న నిషేధం’ చాలదా?

ఇక ‘ఎదురుకట్నం’ తప్పని కొట్టేయలేను. కట్నం తీసుకునే ఇళ్ళవారే నేడు పిల్ల దొరకక ఎదురిస్తుంటే ఆ మాట చెల్లుతుందేమో. మీ అవ్వ పెళ్ళి విషయంలో మాత్రం ఓలి అనే రాయండి. ఉంకువ అని రాయాలనిపిస్తే, ఆ బేరంలో ఆమె మాట ఎంతవరకు చెల్లిందో ముందు కనుక్కోండి.