నలభై దాటాక క్రాస్ కంట్రీ స్కీ శిక్షకుడిగా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చా?

మీరు అమెరికాలోని మినియాపొలిస్‌లో మూడు శీతాకాలాలుగా స్కీయింగ్ చేస్తున్నానని, వయసు నలభై దాటిందని రాసి, మంచు ఎరగని ఊళ్లో పుట్టినవారికి క్రాస్ కంట్రీ స్కీ శిక్షకుడి సర్టిఫికెట్ వస్తుందా అని అడిగారు. వస్తుంది. నేను నెల్లూరు జిల్లాలో పెరిగాను. మంచును మొదటిసారి చూసింది ఇరవై ఆరో ఏట. లెవెల్ 1 పరీక్ష నలభై మూడో ఏట, రెండో ప్రయత్నంలో గట్టెక్కాను.

అమెరికాలో ఈ సర్టిఫికెట్ ఇచ్చేది 1961లో ఏర్పడిన ప్రొఫెషనల్ స్కీ ఇన్‌స్ట్రక్టర్స్ ఆఫ్ అమెరికా. కొండ మీది నుంచి దిగే ఆల్పైన్ స్కీయింగ్ దారి వేరు, చదునుగానో కాస్త ఎత్తుపల్లాలుగానో ఉండే మంచు దారుల్లో సొంత బలంతో జారుతూ వెళ్లే మన క్రాస్ కంట్రీ దారి వేరు. రెండింటిలోనూ మూడు స్థాయిలుంటాయి. మొదటిది కొత్తవారికి నేర్పగలిగే స్థాయి. కనీస వయసు 16, గరిష్ఠ పరిమితి లేదు. వచ్చాక ఏటా సభ్యత్వం కట్టాలి, మధ్యమధ్య శిక్షణకు హాజరవుతూ ఉండాలి. కెనడాలో సంస్థ వేరు.

మీరు ఎంత వేగంగా వెళ్తారని పరీక్షలో ఎవరూ గడియారం పట్టుకుని చూడరు. మీరు స్కీ చేయాలి, ఎదుటివారు చేస్తుంటే గమనించి చెప్పాలి, వారికి నేర్పాలి. నేను మొదటిసారి తప్పింది నేర్పడంలోనే. తోటి అభ్యర్థి ఒకాయన క్లాసిక్ పద్ధతిలో, అంటే మంచులో చేసిన రెండు సమాంతర గాళ్లలో నడిచినట్టు స్కీలను ముందుకు జార్చుకుంటూ వెళ్తుంటే, అడుగడుక్కీ వెనక స్కీ టపామని మంచుకు కొట్టుకుంటోంది. సరిదిద్దమన్నారు. మోకాళ్లు వంచండి, తల ఎత్తండి, చేతులు ముందుకు ఊపండి, నడుము ముందుకు తెండి, బరువు మార్చండి అంటూ గుక్కతిప్పుకోకుండా అయిదు మాటలు చెప్పాను. ఆయన కొయ్యబారిపోయారు. "వీటిలో ముందు ఏది? ఎందుకు?" అని ఎగ్జామినర్ అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి మా మేనమామ గుర్తొచ్చాడు. ఊరి బావిలో నాకు ఈత నేర్పినప్పుడు వీపుకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి, నాలుగు రోజులు "కాళ్లు ఆడించు" తప్ప ఇంకో మాట చెప్పలేదు. చేతుల సంగతి ఎత్తింది అయిదో రోజునే.

మరుసటి శీతాకాలమంతా ఆదివారాలు పిల్లల స్కీ తరగతుల్లో స్వచ్ఛందంగా పనిచేశాను. అక్కడ నేర్చుకున్నదే రెండో పరీక్షలో పనికొచ్చింది. ఈసారి కూడా తోటి అభ్యర్థి ఒకావిడ స్కీ అలాగే చప్పుడు చేస్తోంది. ఆవిడ చేతుల్లోని స్కీ కర్రలు తీసి పక్కన పెట్టించాను. ఒక స్కీ విప్పించి, పిల్లలు కాలితో తోసే స్కూటర్ బండిని నెట్టినట్టు బూటు కాలితో నెడుతూ రెండో కాలి మీద జారమన్నాను. "ఆ ఒక్క కాలి మీద ఎంతసేపు నిలవగలరో చూసుకోండి." అంతే చెప్పాను. రెండు వైపులా నాలుగేసి సార్లు చేసి మళ్లీ రెండు స్కీలూ వేసుకుంటే చప్పుడు సగానికి తగ్గింది. ఎందుకు ఈ పని చేయించారని ఎగ్జామినర్ అడిగారు. బరువు మొత్తం జారే కాలి మీదికి రాకపోతే రెండో కాలు తొందరపడి కిందికి వాలుతుంది, అందుకే ఆ చప్పుడు అని చెప్పగలిగాను. మీరు తయారు కావలసింది ఈ 'ఎందుకు'కే. ఏ తప్పు చూసినా, దాని వెనక ఉన్న కారణాన్ని ఒక్క వాక్యంలో బిగ్గరగా చెప్పుకోవడం అలవాటు చేసుకోండి.

మన ప్రాంతాల నుంచి ఆలస్యంగా మొదలుపెట్టినవారికి అసలు భయం వాలు దిగడంలో ఉంటుంది. క్రాస్ కంట్రీ స్కీకి మడమ బిగించి ఉండదు, అంచుకు ఇనుప పట్టీ ఉండదు. స్కీల ముందు కొనలు దగ్గరచేసి, వెనక కొనలు విప్పి వేగం తగ్గించుకోవడం ఆల్పైన్ స్కీల మీద కంటే కష్టం. నా సాధనలో సగం ఒకే చిన్న దిబ్బ మీద గడిచింది. మీరూ అలాంటి దిబ్బ ఒకటి వెతుక్కోండి.

మంచు పడుతుందిలే అని ధీమాగా ఉండకండి. 2023–24 శీతాకాలంలో మన మినియాపొలిస్‌లో మంచు చాలా తక్కువ పడింది. థియోడర్ వర్త్ పార్కులో యంత్రాలతో చేసిన మంచు ఉండబట్టే సాధన సాగింది, 2024 ఫిబ్రవరిలో ప్రపంచ కప్ పోటీలూ అక్కడే జరిగాయి. తాడు పక్కన నిలబడి అమెరికా క్రాస్ కంట్రీ స్కీ క్రీడాకారిణి జెస్సీ డిగ్గిన్స్ ఎత్తు ఎక్కడం చూశాను. పోటీ ఎప్పుడు జరిగినా వెళ్లి చూడండి, కానీ ముఖాలు కాదు, పాదాలు చూడండి.

మీరు హెచ్-1బి మీద ఉంటే స్కీ స్కూలులో జీతం తీసుకోవడం కుదరదు. స్వచ్ఛందంగా చేసే పని కూడా ఒప్పుకునే ముందు వలస చట్టాలు తెలిసిన లాయరును అడగండి.

పిల్లల తరగతులు మొదలయ్యేలోపు సహాయకుడిగా పేరు ఇవ్వండి. మొదటి కొన్ని వారాలు బూట్లు తగిలించడంతోనే సరిపోతుంది. బూటు ముందున్న కడ్డీలో మంచు గట్టిపడితే అది బైండింగ్‌లో, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులో, దిగదు. కర్ర మొనతో దాన్ని గీకి తీసి, పాప కాలు మీ చేత్తో పట్టుకుని నొక్కండి, టక్కుమంటుంది.