నచ్చని సిరీస్‌ని చివరిదాకా చూడాల్సిందేనా?

ప్రశ్న: మాది తెనాలి. పెళ్ళయ్యాక బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం, ఇద్దరికీ ఉద్యోగాలే. సిరీస్ అయినా, పుస్తకమైనా మొదలుపెడితే నచ్చకపోయినా పూర్తి చేయకుండా ఉండలేను. ఇప్పుడు చూస్తున్నది మూడో సీజన్‌లోనే విసుగొచ్చింది. ఇంకా మూడు సీజన్లున్నాయి. రాత్రి ఒంటిగంట దాకా చూస్తాను, పొద్దున్నే తలనొప్పి. మా వారు ‘వదిలెయ్యొచ్చుగా’ అంటే గొడవ పెట్టుకుంటున్నాను. వదిలేస్తే ఓడిపోయినట్టు ఉంటుంది. ఊళ్ళో ఉన్న అమ్మ కోసం ఒక టీవీ సీరియల్ కూడా చూస్తున్నాను, అదీ బోరే. ఏం చేయను?

జవాబు: అమ్మా, ‘ఓడిపోయినట్టు’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. విస్తట్లో మెతుకు వదలకూడదని, పట్టిన పని మధ్యలో విడవకూడదని మన ఇళ్ళలో చెప్పి పెంచుతారు. మంచి పెంపకమే. చదువుకి, ఉద్యోగానికి, ఇచ్చిన మాటకి అది అక్కరకొస్తుంది. కానీ ఆ సిరీస్ మీరు ఎవరికీ ఇచ్చిన మాట కాదు. ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్ దాటి ఇల్లు చేరాక కాసేపు సేద తీరడానికి పెట్టుకున్నది. సేద తీర్చనిదాన్ని ఆపేస్తే అందులో ఓటమి ఏముంది?

ఇది మీ ఒక్కరి బలహీనత కూడా కాదు. ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని ఒహాయో యూనివర్సిటీ నాటకాల సీజన్ టికెట్లతో చేసిన ప్రయోగం ఒకటి 1985లో ప్రచురించారు. కొనడానికి వచ్చినవాళ్ళలో కొందరికి టికెట్లు పూర్తి ధరకి, 15 డాలర్లకి ఇచ్చారు. మిగతావాళ్ళకి ధర తగ్గించారు. నాటకాలు అందరికీ అవే. అయినా సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్ళే ఎక్కువ నాటకాలకి వెళ్ళారు. రెండో సగంలో ఆ తేడా కనిపించలేదు. పెట్టిన డబ్బు మనసుని కొంతకాలమే లాగుతుంది. మీరు పెట్టింది రాత్రులు. వదిలేసిన బాధ మీకు కూడా కొన్నాళ్ళే ఉంటుందని నా నమ్మకం.

ఒక లెక్క వేసుకోండి. మూడు సీజన్లంటే ముప్పై ఎపిసోడ్లు, ఒక్కోటి 50 నిమిషాలు అనుకుంటే 25 గంటలు. రోజుకో గంట చొప్పున 25 రాత్రుల నిద్ర. ఈ కథ గురించి ఇవాళే మొదటిసారి విని ఉంటే అన్ని రాత్రులు ఇస్తారా? ఇవ్వను అనిపిస్తే ఈ రాత్రే ఆపేయండి. చివరికి ఏమైందో తెలియకపోతే నిద్ర పట్టదు అనుకుంటే ముగింపు ఎక్కడైనా చదివేసుకోండి, తప్పేం లేదు. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే ప్రొఫైల్ సెట్టింగుల్లో తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలవకుండా చేసుకోవచ్చు. అర్ధరాత్రి అలసిపోయి ఉన్న మనిషికి ఆ చిన్న విరామం చాలా అవసరం.

పుస్తకాల విషయంలో మాత్రం కాస్త ఓపిక పట్టమంటాను. కొన్ని యాభై అరవై పేజీల తర్వాతే పట్టు చిక్కుతాయి. అప్పటికీ చిక్కకపోతే పక్కన పెట్టండి, ఇంకో వయసులో నచ్చవచ్చు.

మీ వారి మాట మీకు నింద లాగా వినిపిస్తోంది. ఆయన అడిగేది బహుశా నిద్రపోయే ముందు మీతో గడిపే ఆ గంటేమో, ఒకసారి నేరుగా అడిగి చూడండి.

అమ్మ కోసం చూసే సీరియల్ మాత్రం మానకండి. ఎంత బోర్ కొట్టినా సరే. రేపు ఫోన్‌లో ‘నిన్న చూశావా?’ అని ఆమె అడిగినప్పుడు చూశానమ్మా అని చెప్పడానికి.