ఊరి ఆదాయం పెరిగిందట, మరి మా ఇంట్లో పెరగలేదేం?

ప్రశ్న: పెద్ద సిటీని ఆనుకుని ఉన్న శివారు ఊళ్లో అద్దెకి ఉంటున్నామండి. మా ఊరి ఆదాయం బాగా పెరిగిందని అందరూ గొప్పగా చెప్తున్నారు. మా జీతాలేమో ఎక్కడున్నవి అక్కడే, పక్కింటివాళ్లయితే అద్దె కట్టలేక ఇంకా దూరం వెళ్లిపోయారు. మరి పెరిగింది ఎవరికి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఎవరికీ రూపాయి పెరగకపోయినా ఊరి ఆదాయం పెరుగుతుందండి, మీ పక్కింటివాళ్లు ఖాళీ చేసి వెళ్లడం కూడా అందులో భాగమే అయ్యుండొచ్చు. ఐదు ఇళ్లు అనుకోండి, ఆదాయాలు 20, 30, 40, 50, 60. వరసలో పెడితే మధ్యలో ఉన్నది 40, దీన్నే మీడియన్ అంటారు. ఇప్పుడు 20, 30 వాళ్లు వెళ్లిపోయి ఆ ఇళ్లలోకి 70, 90 వాళ్లు దిగారు, అంతే, మధ్యలో ఉన్నది 60 అయిపోయింది. కాగితం మీద 50 శాతం పెరుగుదల! ఉన్నవాళ్ల జీతం మారలేదు, వెళ్లినవాళ్ల కష్టం లెక్కలోంచే పోయింది. నాకు బాధగా అనిపించేది ఇదే, ఇబ్బంది పడ్డవాళ్లు ఊరు దాటగానే ఊరు బాగుపడినట్టు కనిపిస్తుంది.

సగటు అయితే ఇంకా మోసం, ఆ 90 స్థానంలో 500 వచ్చినా మీడియన్ కదలదు కానీ సగటు మాత్రం 62 నుంచి 144కి ఎగురుతుంది. అందుకే ఎవరైనా ఆదాయం పెరిగింది అంటే ముందు సగటా మీడియనా అని అడగండి, తర్వాత ధరల పెరుగుదల తీసేశారా లేదా అని అడగండి.

టెక్సస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కో ఉంది కదా, మనవాళ్లు చాలామందికి తెలిసిన ఊరే. 2000లో అక్కడ జనాభా దాదాపు 33,700, 2020కి రెండు లక్షలు దాటింది. అంటే పాతవాళ్లు ఒక్కరు కూడా కదల్లేదనుకున్నా ఇప్పుడున్న ప్రతి ఆరుగురిలో ఐదుగురు అప్పుడు అక్కడ లేనివాళ్లే. అలాంటి చోట 2000 ఆదాయాన్నీ 2020 ఆదాయాన్నీ పక్కపక్కన పెట్టి ఊరు ఎదిగింది అంటే, నిజానికి పోలుస్తున్నది రెండు వేరే జనాల్ని.

ఇది రివర్స్‌లో కూడా జరుగుతుంది. సెయింట్ లూయిస్ శివారు ఫెర్గుసన్‌లో 1990లో నాలుగింట మూడొంతులు తెల్లవాళ్లుంటే 2010కి మూడింట రెండొంతులు నల్లవాళ్లు, ఇరవై ఏళ్లలో ఊరి జనమే మారిపోయారు. కాబట్టి ఒక ఊళ్లో ఆదాయం తగ్గినా సరే, కొత్తగా వచ్చినవాళ్ల వల్లే ఊరు పాడైంది అనే మాట దయచేసి నమ్మకండి, బాగా సంపాదించేవాళ్లు వెళ్లిపోయినా అంకె పడిపోతుంది. పైగా శివారు అంటే డబ్బున్నవాళ్ల చోటు అన్న లెక్క పాతబడిపోయింది, 2000 తర్వాత అమెరికాలో పెద్ద నగరాల్లో కన్నా వాటి శివార్లలోనే పేదల సంఖ్య ఎక్కువైంది.

ప్రశ్న: మరి మా ఊళ్లో నిజంగా ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే ఏ లెక్క చూడాలి?
– అదే పాఠకురాలు

జవాబు: ఇంట్లోకి ఎప్పుడొచ్చారు అన్న లెక్క చూడండి. అమెరికా సెన్సస్ బ్యూరో 2005 నుంచి పూర్తి స్థాయిలో ఏటా చేస్తున్న సర్వేలో ఈ ప్రశ్న ఉంటుంది, అద్దెవాళ్లూ సొంతిల్లు ఉన్నవాళ్లూ విడివిడిగా దొరుకుతారు. చిన్న ఊళ్లకైతే ఐదేళ్లవి కలిపి ఇస్తారు, ఒక్క ఏడాది తేడా చూసి కంగారు పడకూడదు. అద్దెకే ఆదాయంలో 30 శాతం దాటి పోతున్న ఇళ్లు ఎన్ని అన్నది కూడా చూడాలి, అక్కడ దాన్నే ఇంటి ఖర్చు భారం కింద లెక్కేస్తారు. మీరుండే చోట ఈ వివరాలు విడిగా ఇవ్వకపోతే వార్డు మీటింగ్‌లో అడగండి, ముఖ్యంగా పదేళ్లకి పైగా ఉంటున్న అద్దె కుటుంబాల ఆదాయం ఎంత, వాళ్ల అద్దె ఎంత అని. మీరు అడిగినదానికి సరైన జవాబు ఆ రెండు అంకెల్లోనే ఉంటుంది.