యాక్సిడెంట్ అయిన స్విఫ్ట్, మూడు రూపాయల వడ్డీ, బ్యాంకులో ‘ఊరికే పడి ఉన్న’ డబ్బు

ప్రశ్న: సార్, మాది నరసన్నపేట. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో చేస్తున్నాను. జీతం 34,000, ఇంటి ఖర్చు 26,000 దాకా అవుతుంది. నాన్నగారికి స్టెంట్ వేశారు, రెండు నెలలకోసారి విశాఖలో చూపించాలి, ప్రతిసారీ కారు కిరాయి 4,500. తెలిసిన బ్రోకర్ దగ్గర ముందు భాగం దెబ్బతిన్న 2018 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్ ఉంది. 1,70,000 అన్నాడు. మా ఊరి షెడ్డులో రిపేరుకి 1,30,000 చెప్పారు, ఎయిర్‌బ్యాగులు తర్వాత చూసుకోవచ్చన్నారు. ఇదే మోడల్ బాగున్న బండి 4,60,000 పలుకుతోంది, అంటే 1,60,000 లాభమే కదా. 10,000 అడ్వాన్సు ఇచ్చాను. బ్యాంకులో ఊరికే పడి ఉన్న 1,40,000 తీసి, మా ఆవిడ గొలుసు మీద 50,000, తెలిసిన ఫైనాన్స్ ఆయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే సరిపోతుంది. కొనమంటారా?

జవాబు: వద్దు. బండి బాగుపడదని కాదు, బాగుచేసేవాళ్లు బ్రహ్మాండంగానే చేస్తారు. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది ‘ఊరికే పడి ఉన్న 1,40,000’ అన్న మాట. ఇలాంటి ఉత్తరాలు రాజాం నుంచి, బొబ్బిలి నుంచి, టెక్కలి నుంచి కూడా వస్తుంటాయి. బండి మారుతుంది, ఒకరిది ట్రాక్టరు, ఇంకొకరిది ఆటో, కానీ అందరి దగ్గరా బ్యాంకులో ఉన్న డబ్బు పనీపాటా లేకుండా కూర్చున్నట్టే కనిపిస్తుంది. మీ ఇంటి ఖర్చు 26,000 అన్నారు. ఆరు నెలలకి 1,56,000. మీ దగ్గర దాదాపు అంత ఉంది. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉన్న ఇల్లు మీ వీధిలో ఎన్ని ఉంటాయో చూసుకోండి. గుండెకి స్టెంట్ వేసిన తండ్రి ఇంట్లో ఉండగా ఆ డబ్బు ఊరికే పడి ఉండటమేమిటి? 2018లో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టి పోయాక చేతిలో నాలుగు డబ్బులు ఉన్నవాడికీ, అవి లేక నోటు రాసి అప్పు తెచ్చుకున్నవాడికీ ఎంత తేడా వచ్చిందో మీ జిల్లాలో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ లెక్కే చూద్దాం. బండి 1,70,000, రిపేరు 1,30,000, కలిపి మూడు లక్షలు. తెచ్చేది అడ్వాన్సుతో కలిపి సరిగ్గా మూడు లక్షలు. ఒక్క రూపాయి మిగల్లేదు. ఆర్సీ బదిలీకి, ఇన్సూరెన్స్‌కి, షెడ్డులో బానెట్ విప్పాక బయటపడేవాటికి ఎక్కడి నుంచి తెస్తారు? మళ్లీ ఆ ఫైనాన్స్ ఆయన దగ్గరికేగా.

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. లక్షకి నెలకి 3,000, ఏడాదికి 36,000, అసలు మాత్రం అలాగే ఉంటుంది. నాన్నగారి ప్రయాణాలు ఏడాదికి ఆరు, ఒక్కోటి 4,500, మొత్తం 27,000. కిరాయి తప్పించుకోవడానికి కారు కొంటూ కిరాయి కంటే 9,000 ఎక్కువ వడ్డీకే కడతారన్నమాట, పెట్రోలు, సర్వీసింగ్, టైర్లు, గొలుసు మీద వడ్డీ ఇంకా కలపకుండానే. పైగా మీరు డ్యూటీకి కంపెనీ బస్సులోనే వెళ్తుంటే ఆ కారు వారమంతా ఇంటి ముందు ఎండకి ఎండుతుంది. ప్రామిసరీ నోటు మీద సంతకం, దాంతో పాటు ఖాళీ చెక్కు కూడా అడిగే ఉంటారు. ‘తెలిసినాయన’ అంటే ఇంటికొచ్చి అడగడానికి మొహమాటపడడు, అంతే తేడా. ఈ రకం అప్పు గురించి ఇంతకంటే మర్యాదగా రాయడం నావల్ల కాదు. మీ ఆవిడ గొలుసు సంగతి ఆవిడకి చెప్పారో లేదో కూడా ఉత్తరంలో లేదు.

ఇక బండి. బ్రోకర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ ఏం తేల్చింది? సర్వేయర్ (దెబ్బ ఎంతో లెక్కగట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే మనిషి) రిపోర్టు, కంపెనీ సర్వీస్ సెంటర్ ఇచ్చిన ఎస్టిమేషను చూపించమనండి. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే కంపెనీ దాన్ని టోటల్ లాస్ (బాగుచేయించడం గిట్టని బండి) కింద కట్టి సెటిల్ చేస్తుంది, తుక్కు బండి చేతులు మారి ఇలా బ్రోకర్ల దగ్గర తేలుతుంది. మాటవరసకి ఆ బండి ఐడీవీ నాలుగు లక్షలు అనుకుంటే, టోటల్ లాస్ అన్నారంటే అక్కడి ఎస్టిమేషను మూడు లక్షలు దాటిందని. మీ షెడ్డాయన 1,30,000 అంటున్నాడు. మిగతా 1,70,000 పనులు ఏమైపోయాయి? కొంత లేబర్ తేడా, కొంత కొత్త పార్టు బదులు సెకండ్ హ్యాండ్ పార్టు, కొంత టింకరింగ్‌తో సరిపెట్టడం. ఇంకొంత ఆయన ‘తర్వాత చూసుకోవచ్చు’ అన్న ఎయిర్‌బ్యాగుల్లో ఉంది.

ఎయిర్‌బ్యాగు ఒకసారి తెరుచుకుంటే మార్చాల్సిందే, మళ్లీ మడిచి పెట్టేది కాదు. దాంతో పాటు బ్యాగుని తెరిపించే కంట్రోల్ మాడ్యూల్, లాగి పట్టిన సీటు బెల్టులు, చీలిన డాష్‌బోర్డు కూడా చూడాలి. కొందరు బ్యాగు పెట్టకుండా డాష్‌బోర్డు మీద వార్నింగ్ లైటు మాత్రం ఆరిపోయేలా వైరింగ్‌లో కిటుకు చేసి ఇచ్చేస్తారు. అందులో నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని హైవే ఎక్కుతారా? విశాఖ సర్వీస్ సెంటర్లో వీటికి కొటేషన్ రాయించి చూడండి, షెడ్డు చెప్పిన మొత్తంలో సగం దాకా ఇవే తినేసినా నేను ఆశ్చర్యపోను.

దీన్ని నేను ఇలా చూస్తాను. సర్వేయర్‌ని పెట్టి, కాగితం మీద లెక్క వేసి, కోట్ల డబ్బున్న కంపెనీ ‘ఇది మనకి గిట్టదు’ అని వదిలించుకున్న రిస్కుని మీరు 1,40,000తో, షెడ్డాయన నోటిమాట మీద తలకెత్తుకుంటున్నారు. ఆ బండికి ఇకమీదట ఇన్సూరెన్స్ కంపెనీ మీరే. రిపేరు పూర్తయి తనిఖీ అయ్యేదాకా సొంత డ్యామేజీకి పాలసీ దొరకడం కష్టం, ముందునుంచీ ఉన్న దెబ్బలకి క్లెయిమ్ రాదు. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) మీకు రాదు. బండికి అయిదేళ్లు దాటాయి కాబట్టి మామూలు పాలసీలో ఇనుప భాగాలకి 40 శాతం, ప్లాస్టిక్, రబ్బరు వాటికి 50 శాతం తరుగు కోస్తారు. రేపు రణస్థలం దగ్గర ఎవడో వెనకనుంచి గుద్దితే పార్టుల ఖర్చులో సగానికి దగ్గరగా మీ జేబులోంచే పోతుంది, అప్పటికి జేబు ఖాళీ. మూడో మనిషి (థర్డ్ పార్టీ) బీమా 1000 నుంచి 1500 సీసీ కారుకి 2022 రేటు ప్రకారం 3,416, దానిమీద పన్ను. అదొక్కటి కట్టి రోడ్డెక్కితే చట్టానికి సరిపోతుంది, మీ బండికి పైసా రాదు.

కాగితాల విషయం తొందరగా చెప్తాను. ఆర్సీ బ్రోకర్ పేరు మీద ఉండదు, కాబట్టి అసలు ఓనరు ఎవరో చూడండి. బ్యాంకు హైపోతికేషన్ (బండి మీద లోను) ఉంటే బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, లోను తీరిందని చెప్పే ఫారం 35 లేకుండా ముందుకెళ్లొద్దు. చాసిస్ నంబరు ఆర్సీతో కలవాలి. బదిలీకి వాడే 29, 30 ఫారాల మీద సంతకాలు ఉన్నాయి కదా అని బదిలీ చేయించకుండా నడపొద్దు.

మీరు వదిలేసినా ఇంకొకరు ఇలాంటి బండే చూస్తుంటారు కాబట్టి నేను వేసే లెక్క చెప్తాను. ఇది ఏ పుస్తకంలోదీ కాదు. బాగున్న బండి ధరలో పావు వంతు తీసేయండి, ఎందుకంటే రేపు అమ్మబోతే యాక్సిడెంట్ బండి అని కొనేవాడు అంత తగ్గించే అడుగుతాడు. రిపేరు అంచనాని ఒకటిన్నర రెట్లు చేసి అదీ తీసేయండి. మీ కేసులో 4,60,000 లోంచి 1,15,000 పోతే 3,45,000, అందులోంచి 1,95,000 పోతే 1,50,000. ఎయిర్‌బ్యాగులు కలపకుండానే బ్రోకర్ 20,000 ఎక్కువ చెప్పాడు. బంపరు, ఫెండరు, డోరు వరకే దెబ్బ తగిలి, బ్యాగులు తెరుచుకోకుండా, చాసిస్ వంగకుండా, ఆరు నెలల ఖర్చు ముట్టుకోకుండా సొంత డబ్బుతో కొనేవాడైతే కొనుక్కోమనే అంటాను.

మీకు నెలకి 8,000 మిగులుతోంది. ముందు 16,000 వేసి ఆ 1,40,000ని 1,56,000 చేయండి, నాన్నగారి కిరాయికి నెలకి 2,250 పక్కన పెట్టినా అది మూడు నెలల పని. ఆ 2,250 ఆ తర్వాత కూడా పక్కన పెడుతూనే ఉండండి. మిగతాది ఆర్‌డీలో వేస్తే రెండేళ్ల తర్వాత నడుస్తున్న చిన్న బండికి డౌన్ పేమెంటు మీదే అవుతుంది, కొంచెం బ్యాంకు లోను తీసుకున్నా అప్పుడు తిట్టను.

అడ్వాన్సు 10,000 గురించి. సర్వేయర్ రిపోర్టు అడగండి, చూపించలేకపోతే ఆ కారణమే చెప్పి డబ్బు వెనక్కి అడగండి. సగం ఇస్తానంటే సగమే తీసుకోండి. అసలు ఇవ్వనంటే పోనివ్వండి. ఫైనాన్స్ ఆయనకి కట్టే నాలుగు నెలల వడ్డీ కూడా దానికంటే ఎక్కువే.