ఫోన్‌ల క్రికెట్ ఆడితే ఆట ఆడినట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కాజీపేట. మా బాబు తొమ్మిదో తరగతి. ఇదివరకు రోజూ గ్రౌండుకు పోయి క్రికెట్ ఆడేటోడు, ఇప్పుడు బడి నుంచి రాంగనే ఫోన్‌ల క్రికెట్, ఫుట్‌బాల్ గేములే. కుడి బొటనవేలు కింద నొప్పి అంటుండు, బోర్డు మసకగా కనపడుతుందట. తిడితే ‘ఇది కూడా స్పోర్టే, ఏషియన్ గేమ్స్‌ల ఉంది’ అంటుండు. ఫోన్ గుంజుకోవాల్నా?

జవాబు: అమ్మా, మీవాడు అబద్ధమేం చెప్తలేడు. హాంగ్‌జౌల జరిగిన ఏషియన్ గేమ్స్‌ల 2023ల ఈ-స్పోర్ట్స్‌కు మెడల్స్ ఇచ్చిండ్రు, అండ్ల ఫుట్‌బాల్ వీడియో గేమ్ కూడా ఉండె. ఆ పంచాయితీల మీరు గెలవరు, దిగకుండ్రి. కానీ స్క్రీన్ మీద బౌలర్ ఉరుకుతుంటే ఉరికేది బొమ్మే కదా, మీవాడి గుండె, కాళ్లు కూసున్నకాడనే ఉంటయి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు దమ్ము వచ్చే ఆట ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తది, ఈ వయసుల ఎముక గట్టిపడేది కూడా ఉరికితే, దుంకితేనే.

ముందు కండ్ల సంగతి చూడుండ్రి, ఎందుకంటే బోర్డు మసకగా ఉందంటే అది మైనస్ సైటు కావచ్చు. వరంగల్‌ల ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, అక్కడైనా మీకు దగ్గర్ల ఉన్న కంటి డాక్టర్ దగ్గరైనా ఈ వారమే చూపించుండ్రి, అద్దాలు పడితే పెట్టుకోనియ్యాలె, అద్దాలు పెడితే సైటు పెరుగుతదన్నది వట్టి మాట. పగటి వెలుతురుల రోజూ గంట, రెండు గంటలు బయట గడిపే పిల్లలకు ఈ సైటు వచ్చే అవకాశం తక్కువ. సాయంత్రం గ్రౌండుకు పొమ్మనేది ఒక్క ఒళ్లు కదలనీకే కాదు.

ఇగ బొటనవేలు. వేలును పిడికిలి లోపల పెట్టి మణికట్టును మెల్లగ చిటికెనవేలు దిక్కు వంచమనుండ్రి, బొటనవేలు మొదట్ల చురుక్కుమంటే అక్కడి నరం లెక్క కనపడే కండర తాడు వాచిందని అనుమానం. రెండు వారాలు గేమ్ బంద్, బట్టల చుట్టిన ఐసు పది నిమిషాల చొప్పున పెట్టుండ్రి. మెడికల్ షాపుల అడిగి నొప్పి గోలీలు వాడకుండ్రి. తగ్గకున్నా, పట్టు తప్పుతున్నా ఎముకల డాక్టర్‌కు చూపించాలె.

నొప్పి తగ్గినంక ఫోన్ మొత్తానికే గుంజుకుంటే దోస్తుగాని ఫోన్‌ల ఆడుతడు, అంతే. గేమ్‌ల ఫీల్డింగ్ ఎక్కడ పెట్టాల్నో, ఎవలికి ఏ బాల్ వెయ్యాల్నో మస్తు నేర్చుకుంటరు పిల్లలు, అది నిజం, నేనైతే దాన్ని తక్కువ చెయ్యను, కాకపోతే నిజం బాల్ మీదికి వచ్చినప్పుడు కాలు కదిపే అలవాటు గ్రౌండ్లనే వస్తది. అందుకే ముందు గ్రౌండు, తర్వాత గేమ్ అని పెట్టుండ్రి, పాత దోస్తులను మళ్ల కలపుండ్రి. వాడు గ్రౌండు ఎందుకు మానేసిండో కూడా ఒకసారి నిమ్మలంగ అడగుండ్రి, ఎవడన్న ఎక్కిరించిండో, బోర్డు లెక్కనే బాలూ కనపడ్తలేదో.

చదువు, నిద్ర, తిండి చెడిపోతున్నా ఆపలేకపోవుడు నెలల తరబడి నడిస్తే మాత్రం అది వ్యసనం దిక్కు పోతున్నట్టే, అప్పుడు సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకపోనీకే సిగ్గుపడకుండ్రి.