దేవునికి మొదటి స్థానం ఇస్తున్నాను, ఇల్లు చేజారుతోంది

నా భర్త ఉద్యోగం పోయి తొమ్మిది నెలలైంది. అప్పులు పెరిగాయి. నేను వారానికి మూడు రోజులు ఉపవాసం ఉంటున్నాను. సాయంత్రాలన్నీ ప్రార్థన కూడికల్లోనే గడుస్తున్నాయి. అప్పు తెచ్చి మరీ కానుక ఇచ్చాను. ఆయన మాత్రం ఆరాధనకు రావడం మానేసి, ఇంట్లో ఒక మూల కూర్చుంటున్నారు. ఆయనకు విశ్వాసం తక్కువ కాబట్టే ఈ కష్టం అని సంఘంలో ఒకరన్నారు. పదమూడేళ్ల మా అమ్మాయి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నేను ఎక్కడ తప్పాను?

సోదరీ, ముందు ఆ సంఘస్థులు అన్న మాట సంగతి చూద్దాం. బైబిల్లో యోబు నీతిమంతుడై ఉండి కూడా కష్టాలపాలయ్యాడు. అతని స్నేహితులు కూడా ఆ కష్టానికి ఇలాగే కారణం చెప్పారు. చివరికి దేవుడు కోపించింది యోబు మీద కాదు, వారి మీద. ఆ మాటకు మీ మనసులో చోటిస్తే, మీరు పైకి అనకపోయినా మీ భర్తకు తెలిసిపోతుంది. ఆయన మూల కూర్చోవడానికి అదీ ఒక కారణమేమో.

మొదట దేవుని రాజ్యాన్ని వెదకాలన్నది మీరు గట్టిగా పట్టుకున్నారు. పట్టుకోవలసిందే. కానీ అది గంటల లెక్క కాదు. తల్లిదండ్రులకు ఉపయోగపడవలసినదాన్ని 'కొర్బాను', అంటే దేవార్పితం, అని చెప్పి తప్పించుకునేవారిని యేసు ఎంత కఠినంగా గద్దించాడో మార్కు 7వ అధ్యాయంలో చదవండి. మీది తప్పించుకునే బుద్ధి కాదు, భయం. అయినా మీ అమ్మాయికి సాయంత్రం తల్లి లేకుండా పోయింది. కానుక విషయంలో అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసింది స్పష్టం: ఉన్నదానిని బట్టి ఇవ్వాలి, లేనిదానిని బట్టి కాదు. కాబట్టి ఇక అప్పు చేసి ఇవ్వకండి. ఉన్న అప్పుల సంగతి మీ సంఘ కాపరికి (పాస్టరుకు) దాచకుండా చెప్పండి.

ప్రవక్త అయిన ఏలీయా, దేవునితో ఇక చాలు, ప్రాణం తీసుకో అని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుని దూత ఉపదేశం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు. నిద్రపోనిచ్చాడు. మళ్లీ లేపి తినమన్నాడు. ప్రయాణం గురించి చెప్పింది ఆ తరువాతే. మీరూ కొంతకాలం ఉపవాసం ఒక్క పూటకు తగ్గించి, మిగతా పూటలు ముగ్గురూ కలిసి భోజనం చేయండి. కూడికలకు వారానికి ఒక సాయంత్రం చాలు. రాత్రి ఐదు నిమిషాలు ఇంట్లోనే ప్రార్థించండి. ఆయనను పిలవండి, బలవంతం చేయకండి. వస్తే 88వ కీర్తన చదవండి. అది చీకటిలోనే ముగుస్తుంది, అయినా ప్రార్థనే. ఆయనకు ఈ రోజుల్లో స్తుతిగీతం కంటే అదే దగ్గరగా అనిపించవచ్చు.

అమ్మాయిని క్షమించమని అడగండి. సాకులు కలపకుండా.

ఇంకొకటి, ఆయన నిద్ర, తిండి ఎలా ఉన్నాయో గమనించండి. బ్రతకాలని లేదన్న మాట ఆయన నోట వస్తే ఒంటరిగా వదలకండి, ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. అది విశ్వాసం సన్నగిల్లడం కాదు. పౌలు వెంట నిలిచిన లూకా కూడా వైద్యుడే.